గీత కింది నీళ్లు

ఆ మడుగులో కాళ్లు పెట్టి కూర్చుంటే చేపలు వచ్చి మడమలు గీకేవి. నొప్పి ఉండేది కాదు. పొద్దంతా కంకర తొక్కి పగిలిన మడమల మీది చచ్చిన తోలును మెల్లగా గీకి తినేవి, అంతే. మొదటిసారి నేను ఉలిక్కిపడి కాళ్లు పైకి లాక్కున్నాను. పక్కన కూర్చున్న ట్యాంకరు డ్రైవరు నవ్వాడు. ఆయన్ని మేమంతా భాయ్ అనేవాళ్లం.

"పెట్టు మియా, పెట్టు. ఇంటికాడ నీ కాళ్లు ఎవరన్న పట్టిండ్రా ఎప్పుడన్న? ఈడ పుణ్యానికి పడుతున్నయ్."

డెబ్బైల నడిమి ముచ్చట ఇది. ఒమాన్‌లో కొండల్లోకి రోడ్లు పడుతున్న కాలం. మాది ఉత్తర తెలంగాణ. కంపెనీ మమ్మల్ని మస్కట్‌లో లారీ ఎక్కించి, నడుములు పట్టేసేదాకా తిప్పి, కొండల సందులో ఒక క్యాంపు దగ్గర దించింది. ఆ సందులో ఒక వాగు. వాదీ అంటారు వాళ్లు. వాన పడితే పారుతుంది, పడకపోతే గుండ్రాళ్లే. కాని క్యాంపుకు కాస్త ఎగువన ఒకచోట మాత్రం కొండ మొదట్లోంచి ఏడాది పొడుగునా సన్నగా నీరు ఊరి, లోతైన మడుగు కట్టేది. మడుగు అంచున ఒక చిన్న కాలువకు నోరు ఉంది. రాయిలో తొలిచి, కొండ పక్కంట తిప్పి, కిందనున్న ఊరి ఖర్జూర తోటల దాకా తీసుకుపోయారు ఆ కాలువను. ఎన్ని తరాల కిందట తవ్వారో వాళ్లకే తెలియదట. దాన్ని ఫలజ్ అనేవారు. ప్రాణం పోయినా ఎండనివ్వకూడని కాలువ అది. ఎందుకంటే ఆ ఊరికి తాగునీరూ అదే, తోటల నీరూ అదే.

నా డ్యూటీ పంపు మీద. మడుగు ఒడ్డున డీజిల్ ఇంజను. హ్యాండిల్ పెట్టి తిప్పి స్టార్ట్ చేయాలి. దాని పైపు మడుగులోకి దిగి ఉంటుంది. ట్యాంకర్లు వచ్చి నింపుకుని సైట్‌కు పోతాయి. రోలరు తొక్కేముందు మట్టిని తడపడానికీ, కల్వర్టుల సిమెంటు పనికీ ఆ నీళ్లే. పైవాళ్లు ఎవరో పైవాళ్లతో మాట్లాడుకుని నీళ్లకు ఒప్పందం చేసుకున్నారని విన్నాను. కింది ఊరిని ఎవరైనా అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటే తర్వాత జరిగింది జరిగి ఉండేది కాదు.

చేపల సంగతి చెప్తాను. వేలెడంత ఉండేవి. వీపు గులకరాయి రంగు, తోక మొదట్లో నల్ల చుక్క, నోరు మూతి కిందికి. రాయికి నోటితో అతుక్కుని నిలబడేవి. మా దిక్కు పరక చేపల్లా మెరవవు. కదిలితేనే చేప, కదలకపోతే రాయి. ఊరివాళ్లు వాటిని తినరు. కాలువ పాచి అవి తింటాయి, దోమ పిల్లల్ని అవి తింటాయి, అవి ఉన్న నీళ్లే తాగే నీళ్లు అనేవారు. బయట సముద్రంలో దొరికే చేప కాదు అది. ఆ కొండ నీళ్లలోనే పుట్టి, ఆ నీళ్లలోనే పోవాలి. ఇంకెక్కడికి పోతుంది, చుట్టూ ఎండిన రాళ్లే కదా.

పంపు ఆపినప్పుడల్లా పైపు చివరి జల్లెడకు అతుక్కుపోయిన చేపలు ఊడి పడేవి. కొన్ని ఈదుకుంటూ పోయేవి, కొన్ని వెల్లకిలా తేలేవి. చూడలేక నా పాత లుంగీ ఒకటి జల్లెడకు మూడు మడతలు చుట్టి కట్టాను. మా ఫోర్‌మన్ చూశాడు. ఆయనది గోదావరి జిల్లా. చెడ్డమనిషి కాదు, ఎవరికి జ్వరం వచ్చినా తన రూమ్ నుంచి రొట్టె పంపేవాడు. కాని రోడ్డు మాట వస్తే మాత్రం తల్లినీ చెల్లినీ చూడడు.

"ఏంటయ్యా ఇది? పంపుకి పంచె కట్టావా?"

"చేపలు పోతున్నయ్ సార్."

"అవి చేపలంటయ్యా? మా ఊళ్లో పిల్లి కూడా తినదు వాటిని. పులుసు పెడితే ముల్లు తప్ప ఏం మిగల్దు. నీళ్లు సన్నంగా వస్తున్నాయి, తీసెయ్ ఆ గుడ్డ."

ఆయన ముందర తీశాను. పోయాక మళ్లీ కట్టాను.

ఎండలు ముదిరాయి. ఊట సన్నబడింది. ట్యాంకర్లు మాత్రం సన్నబడలేదు, పెరిగాయి. మడుగు రోజురోజుకూ కిందికి దిగి, ఒడ్డు రాళ్ల మీద తెల్లటి చారలు మిగిల్చింది. కింది ఊరి నుంచి ఒక ముసలాయన రావడం మొదలుపెట్టాడు. తెల్ల గడ్డం, చేతిలో సన్నటి కర్ర. ఊళ్లో ఎవరి తోటకు ఎంతసేపు నీళ్లు వదలాలో చూసే పెద్ద ఆయనే. తోటల దగ్గర చదును నేల మీద ఒక కర్ర పాతి ఉంటుంది, దాని నీడ జరిగిన కొద్దీ ఈ కాలువ మూసి ఆ కాలువ తెరుస్తాడని భాయ్ చెప్పాడు. ముసలాయన మడుగు దగ్గరకు వచ్చి, కాలువ నోటి దగ్గర వంగి చెయ్యి పెట్టి, ఎంత తడి తగిలిందో చూసుకుని, నా వైపు ఒకసారి చూసి పోయేవాడు.

ఆ చూపు నాకు తెలుసు. మా ఇంట్లో పెరిగిన చూపే అది. మాది నీరడి కుటుంబం. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత పారాలో చూడడం మా ఇంటి పని. మా తాతది ఒకటే మాట. తూము గడప పైన ఉన్న నీళ్లు పొలాలవి, గడప కిందికి దిగిన నీళ్లు గొడ్లవీ చేపలవీ. నీళ్లు గడపకు తగిలిన రోజు మా తాత స్నానం చేసి, తూము రాయికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి మూసేవాడు. ఇక ఆ పసుపు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఒక ఏడు దొర మనిషి వచ్చి, దొర మడి ఎండుతోంది తెరువుమన్నాడు. తాత తెరవలేదు. కట్టె విరిగేదాకా కొట్టారు. అయినా తెరవలేదు. ఆ తర్వాత మా తాత కుడి చెయ్యి పైకి లేచేది కాదు. మేము చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం కలిపి పెట్టమని వేధించేవాళ్లం, తెలియక.

మడుగు సగానికి దిగిన రోజు చేపలన్నీ ఒక మూల గుంతలోకి చేరాయి. నీళ్ల కన్నా చేపలే ఎక్కువ కనిపించాయి అక్కడ. నేను క్యాంపు వంటింటికి పోయి పిడికెడు పసుపు తెచ్చాను. కుంకుమ నా పెట్టెలోనే ఉంది, ఇంటి నుంచి కట్టి పంపినది. ఆ గుంతలో చేపలు తిరగడానికి ఎంత నీరు ఉండాలో చూసుకుని, అంత ఎత్తున ఒడ్డు రాతి మీద పసుపుతో అడ్డంగా ఒక గీత గీశాను. గీత మీద కుంకుమ బొట్లు పెట్టాను. ఇంజను ఆపాను.

భాయ్ ట్యాంకరు అప్పటికి సగం నిండింది. ఆయన నిజామాబాద్ దిక్కు ముసల్మాను. తెలుగు నాలాగే మాట్లాడేవాడు, చికాకు పుడితే ఉర్దూలోకి దిగేవాడు. అరబ్బీ పని నడిచేంత వచ్చు.

"క్యా హువా మియా? డీజిల్ అయిపోయిందా?"

"డీజిల్ ఉన్నది. నీళ్లే లెవ్వు."

"గవేంది మరి? నీ అయ్య పెండ్లికి పట్టి పెట్టినవా?"

"గవి చేపలయి."

భాయ్ మడుగునూ, నన్నూ, గీతనూ చూసి బీడీ ముట్టించాడు. "ఆధీ టాంకీతోని పోతే ఫోర్‌మన్ నన్ను తిడ్తడు. నువ్వే చెప్పుకో," అని వెళ్లిపోయాడు.

చెప్పుకున్నాను. ఫోర్‌మన్ జీపు దిగి వచ్చి గీత చూశాడు. ఆయనకు పసుపు సంగతి తెలుసు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు, ముట్టుకోకుండానే తిట్టాడు. "దిగువన మైదానంలో ఒక బాయి ఉన్నది గదా సార్, ఉప్పగున్నా మట్టి తడుపుటానికి ఏమైతది, సిమెంటుకు మాత్రం ఈడికెంచి తీసుకుందాం," అన్నాను. ఆ బావి చాలా దూరం. ట్యాంకరు పోయి వచ్చేసరికి రోలరు ఖాళీగా నిలబడుతుంది.

"రోడ్డు నువ్వేస్తావా, నేను వెయ్యాలా?"

"మీరే వెయ్యాలె సార్. నీళ్లు నేను చూసుకుంట."

"రేపు పొద్దున్న పంపు తిరక్కపోతే నీ సంగతి చూస్తాను."

పొద్దున నేను వెళ్లేసరికి మడుగు దగ్గర ఊరే ఉంది. ముసలాయన ముందు, వెనక తోటల మగవాళ్లు. ఎవరి ముఖమూ బాగాలేదు. వాళ్ల చూపులు నా గీత మీద ఉన్నాయి. ఒక పడుచువాడు నన్ను చూడగానే ముందుకు వచ్చి గట్టిగా ఏదో అరిచాడు. అప్పుడే ట్యాంకరు దిగిన భాయ్ విన్నాడు, తల పట్టుకున్నాడు.

"వీళ్లు తాగే నీళ్ల మీద నువ్వు జాదూ చేసినవంటున్నరు. పసుపు, ఎరుపు పెట్టి ఏ షైతాన్‌ను కూసోబెట్టినవని అడుగుతున్నరు. అరే, హల్దీ కుంకుమ్ కైకు లగాయా రే? నేను నీతోని తిరిగెటోన్ని, నా ఇజ్జత్ గూడ తీసినవ్ గదా."

మా ఊళ్లో పసుపు పెడితే ఎవరూ ముట్టరు, అదే అన్నిటికన్నా గట్టి తాళం. ఆ తాళమే ఇక్కడ చేతబడిలా కనిపిస్తుందని నా బుర్రకు తట్టనే లేదు. కాని వెనక్కి తగ్గాలని మాత్రం అనిపించలేదు. పంపు చూపించాను, గీత చూపించాను, మూల గుంతలో చేపల్ని చూపించాను. గీత దాటి కిందికి పోతే పంపు బంద్ అని చేతులతో చెప్పాను.

"భాయ్, వాళ్లకు చెప్పు. పసుపు కడుక్కుంటే కడుక్కోమను. గీత మాత్రం కడగొద్దను."

భాయ్ చెప్పాడు. తన మాటలు కొన్ని కలిపే ఉంటాడు, ఎందుకంటే నేను చెప్పినదానికన్నా పొడుగ్గా చెప్పాడు. ముసలాయన విని, మోకాళ్ల మీద కూర్చుని, దోసిట్లో నీళ్లు తీసి తన చేతులతోనే పసుపు కడిగాడు. కుంకుమ రాతిలో ఇంకింది. గులకరాయితో రుద్ది మరీ తీశాడు. నేను నిలబడి చూశాను. చెప్పకేం, కష్టంగానే ఉంది.

తర్వాత ఆయన పడుచువాడిని ఊళ్లోకి పంపి, వాళ్లు కాలువ గోడలకు పూసే సున్నపు ముద్ద తెప్పించాడు. ఖర్జూర మట్టతో అద్ది రాతి మీద గీత గీశాడు. నా గీత ఉన్నచోట కాదు. దానికి జానెడు పైన.

"లా లా," అన్నాను నేను, వద్దు వద్దని. అంత పైన గీస్తే ట్యాంకరుకు పూట పూటా నీళ్లు దొరకవు. నన్ను ఉద్యోగంలో ఉండనిచ్చేటట్టు లేడు ఈ ముసలాయన.

ఆయన నా చెయ్యి పట్టుకుని కాలువ నోటి దగ్గరకు తీసుకుపోయి, నా వేళ్లు లోపల పెట్టించాడు. పొడి. నా గీత దాకా నీళ్లుంటే చేపలు బతుకుతాయి గాని కాలువ నోటికి నీరు అందదు. ఆయన గీత దాకా ఉంటే చేపలూ బతుకుతాయి, తోటలూ బతుకుతాయి. "షుఫ్, రఫీక్," అన్నాడు, చూడవోయ్ అన్నట్టు. రఫీక్ అంటే దోస్తు అని అర్థం, కాని అంతకుముందు నన్ను అలా ఎవరు పిలిచినా అది కూలివాణ్ణి పిలిచిన పిలుపే. ఆ పూట మాత్రం నీరడి నీరడిని పిలిచినట్టు వినబడింది.

భాయ్ చెవిలో అన్నాడు, "నువ్వే మొండోనివి అనుకున్న. నీ అసుంటోడు ఈడ గూడ పుట్టిండు."

నీళ్లు అప్పటికి ఆ గీతకు చాలా కిందున్నాయి. ఇంజను స్టార్ట్ చేసే పని లేదు. హ్యాండిల్ తీసి నడుముకు లుంగీలో దోపుకుని ఒడ్డున కూర్చున్నాను.

ఫోర్‌మన్ వచ్చాడు. కొత్త గీత చూశాడు. "నిన్న కిందుంది కదయ్యా?"

"నాది కిందనే ఉండె సార్. గిది వీళ్లది."

"నీదే నయం కదరా బాబూ." "హ్యాండిలేది?"

"నా దగ్గరున్నది."

"ఇటివ్వు."

"ఇయ్య సార్."

"ఇవ్వవా? పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కించేస్తా. ఊళ్లో ఏం చేస్తావు, చేపలు పడతావా?"

"ఎక్కియ్యుండ్రి. మా తాతను కట్టెతోని కొట్టిండ్రు, మీరు విమానం ఎక్కిస్తనంటున్నరు. మీదే నయం."

భాయ్ అటు తిరిగి దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు. ఫోర్‌మన్ చెయ్యి లేపాడు. కొట్టడానికో, హ్యాండిల్ లాక్కోవడానికో. నేను లేవలేదు. ముసలాయన వచ్చి నా పక్కన రాతి మీద కూర్చున్నాడు, కర్ర ఒళ్లో పెట్టుకుని. ఆయన పక్కన పడుచువాడు. పొద్దున నా మీద అరిచినవాడే. వాళ్ల పక్కన మిగతావాళ్లు. మడుగు చుట్టూ బంతి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఫోర్‌మన్ చెయ్యి దించాడు. రోడ్డు వాళ్ల తోటల అంచునుంచే పోవాలి. వాళ్లతో పెట్టుకుంటే రోలరు ఇంకా ఎక్కువ రోజులు నిలబడుతుంది. ఆ లెక్క ఆయనకు నాకన్నా బాగా తెలుసు. భాయ్ వైపు తిరిగి, దూరపు బావికి పొమ్మన్నాడు. మడుగులో నీళ్లు గీత పైకి లేచిన రోజే సిమెంటుకు తీసుకోవాలన్నాడు. నా వైపు తిరిగాడు.

"నిన్ను విమానం ఎక్కించి చల్లగా ఇంటికి పంపుతాననుకుంటున్నావేమో. పంపను. రేపట్నుంచి రాళ్లు కొట్టే గ్యాంగులోకి పో. ఎండలో తెలుస్తుంది."

తెలిసింది. కల్వర్టు గోడలకు రాయి చెక్కే గ్యాంగు అది. సుత్తి పిడి ఎండకు కాలిపోయేది, గుడ్డ చుట్టి పట్టుకునేవాళ్లం. అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు చితికి, తోలు గట్టిపడింది. గ్యాంగులో వడ్డెర పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. ఉలి ఎలా వాల్చాలో, రాయి ఎటు పగులుతుందో ఆయనే నేర్పాడు. "నీరడోనివి, నీకెందుకు రాయి పని," అని వెక్కిరిస్తూనే నేర్పాడు. డ్యూటీ అయ్యాక మడుగుకు పోయి మడమలతో పాటు అరచేతులూ నీళ్లలో పెట్టేవాణ్ణి. చేపలకు పండగ. పంపు మీదికి కొత్తగా వచ్చినవాడు కేరళ మనిషి. ముసలాయన రోజూ వచ్చి గీత పక్కన కూర్చునేవాడు కాబట్టి వాడూ గీత దాటలేదు. లుంగీ చిరిగితే తన లుంగీ కట్టాడు.

ఎండాకాలం చివర కొండల మీద ఉరిమింది. ఒక మధ్యాహ్నం ఎక్కడో ఎగువన వాన పడి, వాదీ మట్టి రంగులో ఎగిరిపడుతూ వచ్చింది. మేము గట్టెక్కి చూశాం. తగ్గేసరికి మడుగు అంచుల దాకా నిండి ఉంది. సున్నపు గీత లేదు. వరద నున్నగా కడిగేసింది.

మా క్యాంపుకు సంతోషం. నీళ్లు నిండాయి, గీత పోయింది. దూరపు బావికి ట్యాంకర్లు పంపడం ఆపేశారు. పంపు పొద్దంతా తిరిగింది. చూస్తూ ఉంటే మడుగు మళ్లీ దిగడం మొదలైంది.

శుక్రవారం సెలవు. గ్యాంగు సామాన్లలోంచి సుత్తి, ఉలి తీసుకుని మడుగుకు పోయాను. భాయ్ వెంట వచ్చాడు. కింది నుంచి ముసలాయనను పిలుచుకుని వచ్చాడు. వరద తరువాత రాతి మీద ఎత్తు గుర్తు దొరకలేదు. ముసలాయన కాలువ నోటి అంచు నుంచి తన కర్రను అడ్డంగా పట్టి చూసి, రాతి మీద వేలు పెట్టాడు. నాకు కొంచెం పైకనిపించింది. కిందికి చూపించాను. ఆయన వేలు తీయలేదు.

"ఆయనతోని నువ్వు గెలుస్తవా?" అన్నాడు భాయ్. "కొట్టు."

కొట్టాను. ముసలాయన వేలు జరిపిన కొద్దీ నేను ఉలి జరిపాను. రాయి ఉక్కులాంటిది. గీత నా వేలి గోరంత లోతు దిగేసరికి జుమ్మా నమాజు వేళయింది. వాళ్లిద్దరూ కాలువ నీళ్లతో కాళ్లు చేతులు కడుక్కుని ఊళ్లోకి పోయారు. నేను కూర్చుని చివరి దాకా లాగాను. పసుపు రాయలేదు. రాయాలనిపించింది, ఆగాను.

శనివారం ఫోర్‌మన్ వచ్చాడు. చాలాసేపు వంగి చూశాడు. బొటనవేలు గీతలో పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపాడు.

"ఎవడు చెక్కాడిది?"

"నేనే సార్."

"ఎవడు చెక్కమన్నాడు?"

"రాళ్లు కొట్టుమని మీరే గదా పంపింది."

ఆయన జీపెక్కి పోయాడు. గ్యాంగు పెద్దమనిషి తర్వాత చెప్పాడు, కల్వర్టు గోడలో నేను చెక్కిన రాయి ఏదని ఫోర్‌మన్ అడిగి మరీ చూశాడట. చూసి, "పనిమంతుడే, వెధవ," అన్నాడట. నన్ను మాత్రం పంపు మీదికి తిరిగి వేయలేదు, రోడ్డు అయ్యేదాకా రాళ్ల దగ్గరే ఉంచాడు. ఉంచితే ఉంచాడు.

నీళ్లు ఆ గీతకు తగిలిన రోజు పంపు ఆగింది. ట్యాంకర్లు దూరపు బావి దారి పట్టాయి. భాయ్ మడుగు పక్కనుంచి పోతూ, స్టీరింగు మీద నుంచి చెయ్యి తీసి ఒకసారి హారను కొట్టాడు. కాలువ నోట్లో నీళ్లు గలగలా పోతున్నాయి. నల్ల చుక్కల తోకలు రాళ్లకు అతుక్కుని, ప్రవాహానికి ఎదురుగా నిలబడి ఉన్నాయి.